వశిష్ఠ అడుగున ఉప్పు: శివారు ఇంజన్ల కోసం కట్టిన పొరల నమూనా

సఖినేటిపల్లికి దిగువన వశిష్ఠ ఏటిగట్టు వెంట కొందరు శివారు రైతులు దాళ్వా (రెండో పంట వరి) నారుమడులకు ఏటి నుంచే ఆయిల్ ఇంజన్లతో నీళ్లు తోడుకుంటారు. కాలువ చివరి భూములు కావడంతో వంతు నీరు వాళ్ల దాకా వచ్చేసరికి ఆలస్యమవుతుంది. నారు అంతవరకు ఆగదు. వాళ్లు నన్ను అడిగింది ఒక్కటే: ఏ రోజున, ఏ వేళకు తోడితే ఉప్పు రాకుండా ఉంటుంది?

అమావాస్యకు, పౌర్ణమికి వచ్చే పెద్ద పోట్లప్పుడు ఇంజన్లు ఆపేయాలన్నది వాళ్లు అప్పటికే పాటిస్తున్న నియమం. అయినా కొన్ని మడుల్లో నారు కొసలు తెల్లబడి ఎండిపోయాయి. ఏటి నీళ్లు దోసిట పట్టి నోట్లో వేసుకుంటే తియ్యగానే ఉన్నాయి. వరి లేత నారుగా ఉన్నప్పుడు, మళ్లీ పూతకు వచ్చినప్పుడు ఉప్పును అసలు తట్టుకోలేదు. నేలలోని నీటి విద్యుత్ వాహకత మీటరుకు 3 డెసిసీమెన్స్ దాటగానే దిగుబడి తగ్గడం మొదలవుతుంది. రొయ్యల చెరువుల వాళ్ల లెక్కలో అది దాదాపు 2 పీపీటీ, అంటే వెయ్యి పాళ్ల నీటిలో రెండు పాళ్ల ఉప్పు. నాలుకకు పెద్దగా తెలియని ఉప్పు కూడా నారుకు చాలా ఎక్కువ.

నదీముఖాల్లో నీటి కదలికకు కంప్యూటర్ నమూనాలు కట్టడం నా పని. ఈ ప్రశ్నకు మామూలు వరద నమూనా జవాబు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో, దాని బదులు కట్టిన పొరల నమూనా ఏం చూపించిందో వివరంగా రాస్తున్నాను. పాయలు సముద్రంలో కలిసే మొగల దగ్గర పనిచేసే ఇంజనీర్లకు, పరిశోధక విద్యార్థులకు ఇది పనికొస్తుందని నమ్మకం.

ఏడాదిలో ఏరు మూడు రకాలు

ధవళేశ్వరం బ్యారేజీ కింద గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. గన్నవరం దగ్గర వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. మిగిలిన వశిష్ఠ నరసాపురం, సఖినేటిపల్లి మధ్యగా సాగి అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. వానాకాలంలో బ్యారేజీ నుంచి లక్షల క్యూసెక్కులు దిగుతాయి. అక్కడ 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 1986 ఆగస్టు వరదలో 35 లక్షలు దిగాయి. అలాంటి రోజుల్లో ఉప్పు మొగ బయటే ఆగిపోతుంది. వర్షాలు తగ్గాక గేట్లు దించుతూ వస్తారు. దాళ్వా నడిచే నాటికి ఉన్న నీరంతా కాలువలకు మళ్లుతుంది, అదీ చాలక సీలేరు నీటి కోసం ఎదురుచూస్తారు. సముద్రానికి పోయే మంచినీరు దాదాపు ఆగిపోతుంది. వేసవి ముదిరేసరికి పైనా కిందా తేడా లేకుండా ఏరంతా ఉప్పుబారుతుంది.

వరదలో అంతా మంచినీరు, నడివేసవిలో అంతా ఉప్పునీరు. ఈ రెంటికీ పొరల లెక్క అవసరం లేదు. చిక్కంతా మధ్య కాలంలోనే ఉంది. కార్తీకం నుంచి పుష్యం దాకా మంచినీరు పలచబడుతూ పైన జారిపోతుంటే, బరువైన సముద్రపు నీరు ముక్కులా సాగి అడుగునుంచి ఎగదన్నుతుంది. నారుమడుల కాలం కూడా సరిగ్గా అదే.

వల చెప్పిన సంగతి

కొలతలకు మమ్మల్ని ఏట్లోకి తీసుకెళ్లిన పెద్దాయన వల వేసి కూర్చున్నప్పుడు, "తాతా, పడవ మొగ వైపు పోతోంది కదా, వల తాడు వెనక్కి ఎందుకు లాగుతోంది?" అని అడిగాను. "అడుగు నీరు ఎదురెక్కుతోంది బాబూ. ఈ రోజుల్లో ఎప్పుడూ ఇంతే" అన్నాడు. నమూనా కట్టడానికి ఇంతకన్నా మంచి ఆధారం నాకు దొరకలేదు. ఇస్తాంబుల్ దగ్గర బాస్ఫరస్ జలసంధిలో అడుగు ప్రవాహం ఉందని పడవవాళ్లు చెప్పగా విని, ఇటలీకి చెందిన మార్సీలీ అక్కడ కొలతలు తీసుకున్నాడు. తరవాత ఒక తొట్టెలో ఉప్పునీటికీ మంచినీటికీ మధ్య అడ్డుపలక పెట్టి, దానికి పైనా కిందా రంధ్రాలు తెరిచి చూపాడు. బరువైన నీరు కిందనుంచి ఒక దిక్కుకు, తేలికది పైనుంచి మరో దిక్కుకు పోయాయి. ఇదంతా రాసిన అతని పుస్తకం 1681లో వచ్చింది. వశిష్ఠలో జరిగేది అదే. ఇక్కడ ఆటుపోట్లు కూడా తోడవుతాయి, అంతే తేడా.

ఒక్క పొర ఎందుకు చాలదు

వరద నమూనాల్లో చాలావాటికి మూలం 1871లో సెయింట్ వెనాంట్ ఇచ్చిన సమీకరణాలు. ప్రవాహం లోతు కన్నా పొడవు ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్నప్పుడు నిలువు త్వరణాన్ని వదిలేసి, ఏ లోతులోనైనా పీడనం పైనున్న నీటి బరువే అనుకుంటాం. అప్పుడు ప్రతి చోటా తేల్చాల్సినవి రెండే: నీటి లోతు, లోతంతటికీ సగటు వేగం. ఏ గట్టుకు ఎప్పుడు నీరు తాకుతుందో చెప్పడానికి ఇవి చాలు.

ఉప్పు దగ్గర ఆ సగటే అడ్డుపడుతుంది. పై సగం సెకనుకు 40 సెంటీమీటర్ల వేగంతో సముద్రం వైపు, కింది సగం 30 సెంటీమీటర్ల వేగంతో ఎగువకు కదులుతున్నాయనుకుందాం. సగటు తీస్తే సముద్రం వైపు 5 సెంటీమీటర్లు వస్తుంది. ఒక్క పొర నమూనా దృష్టిలో ఉప్పు వెనక్కి పోతున్నట్టే. అడుగున మాత్రం ఆరు గంటల్లో అది ఆరు కిలోమీటర్లకు పైగా లోపలికి వచ్చేసి ఉంటుంది. ఈ లోటును కప్పడానికి ఉప్పు ఎంత త్వరగా చెదురుతుందో చెప్పే వ్యాపన గుణకం అనే సంఖ్యను పెంచి సర్దుతారు. ఒక నెల కొలతలకు సరిపడేలా సర్దిన సంఖ్య తరవాతి నెలకు పనికిరాదు, ఎందుకంటే అది ఏటి గుణం కాదు, ఆ రోజు పొరలు ఎలా ఉన్నాయన్నదాని నీడ. శివారు రైతుకు అలాంటి జవాబు ఇవ్వడం నాకు ఇష్టం లేకపోయింది.

రెండు పొరలు, నాలుగు అలలు

పై పొర మంచినీరు, కింది పొర ఉప్పునీరు. ఒక్కో పొరకు ద్రవ్యరాశి సమీకరణం ఒకటి, ద్రవ్యవేగ సమీకరణం ఒకటి. పై పొర బరువు కింది పొరను నొక్కుతుంది, కింది పొర ఉబ్బు పై పొరకు నేలగా పనిచేస్తుంది. ఈ నాలుగు సమీకరణాలు కలిసి నాలుగు అలలను మోస్తాయి. వాటిలో రెండు నీటి పైతలం మీద పరుగెత్తేవి, మిగతా రెండు పొరల సరిహద్దు వెంట నడిచేవి.

ఈ రెండో రకమే మన ప్రశ్నకు కీలకం. వేసవి ముందరి సముద్రపు నీటికీ ఏటి నీటికీ ఘనమీటరుకు సుమారు 25 కిలోల బరువు తేడా ఉంటుంది. సరిహద్దును కిందికి లాగే గురుత్వం ఆ తేడా మేరకే పనిచేస్తుంది కాబట్టి 9.81 బదులు దాదాపు 0.25 మిగులుతుంది. దీన్ని తగ్గిన గురుత్వం అంటారు. లోతు 8 మీటర్లు, అందులో మంచినీరు 3, ఉప్పునీరు 5 అనుకుంటే పైతలం అల సెకనుకు దాదాపు 9 మీటర్లు పోతుంది, సరిహద్దు అల 70 సెంటీమీటర్లు కూడా పోదు. మొగ నుంచి పది కిలోమీటర్ల లోపలికి పోటు ఇరవై నిమిషాల్లో వస్తుంది, అడుగు ఉప్పు కబురు రావడానికి నాలుగు గంటలు పడుతుంది. పోటు పట్టిక చూసి ఇంజన్ ఆపేవాళ్లు ఉప్పు వేళను పట్టుకోలేకపోవడానికి ఇదొక కారణం.

ఉప్పును పూర్తిగా వెళ్లగొట్టడానికి ఎంత నీరు కావాలో కూడా ఇక్కడే తెలుస్తుంది. మంచినీటి వేగం, తగ్గిన గురుత్వాన్ని లోతుతో గుణించిన దాని వర్గమూలాన్ని దాటాలి. 8 మీటర్ల లోతుకు అది సెకనుకు 1.4 మీటర్లు. పాయ కిలోమీటరు వెడల్పు అనుకుంటే దాదాపు 4 లక్షల క్యూసెక్కులు. వానాకాలం పోయాక ఒక్క పాయకు అంత నీరు ఎక్కడిది? అందుకే ఉప్పు రాకుండా చూడటం మన చేతిలో లేదు. అది ఎక్కడుందో తెలుసుకుని తప్పించుకోవడమే మార్గం.

సముద్రం వైపు హద్దు దగ్గర ఒక జాగ్రత్త. అక్కడ ఏడాది పొడవునా ఒకే లవణత పెట్టి నమూనా నడిపేవాళ్లున్నారు. ఆంధ్ర తీరానికి అది కుదరదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీరప్రవాహం దక్షిణానికి సాగుతూ గంగా, బ్రహ్మపుత్రల మంచినీటిని మన తీరం వెంట మోసుకొస్తుంది. ఫిబ్రవరి నుంచి దిక్కు మారి ఉత్తరానికి పోతుంది. మొగ బయట సముద్రమే పలచగా 25 పీపీటీ ఉన్నరోజున తగ్గిన గురుత్వం 0.18కి పడిపోతుంది, ఉప్పు ముక్కు నడక కూడా ఆ మేరకు నెమ్మదిస్తుంది. అందుకని హద్దు లవణతను నెలనెలా మార్చాం.

సమీకరణాలు విరిగే చోటు

రెండు పొరల నమూనాలో నాకు బాగా పని పెట్టినవి మూడు. మొదటిది గణితానిది. ఒక పొర మందాన్ని మరో పొర వాలుతో గుణించే పదాలు ఈ సమీకరణాల్లో ఉన్నాయి. వాటిని నిత్యత్వ రూపంలోకి, అంటే లోపలికి వచ్చేదీ బయటికి పోయేదీ సరిచూసే రూపంలోకి, తేలేం. ఉప్పు ముక్కు లాంటి నిలువు అంచు దగ్గర ఆ గుణింపుకు విలువ ఏమిటన్నది మనమే నిర్ణయించాలి. దాల్ మాసో, లెఫ్లోక్, మురా అనే గణితజ్ఞులు 1995లో దీనికి ఒక నిర్వచనం ఇచ్చారు. కార్లోస్ పారెస్ 2006లో దాని మీద సంఖ్యా పద్ధతుల చట్రం కట్టాడు. మా కోడ్ ఆ బాటలోనే నడుస్తుంది. ఈ మెట్టు దాటేసి మామూలు పద్ధతి వాడితే బొమ్మ అందంగానే వస్తుంది, ముక్కు మాత్రం తప్పు వేగంతో నడుస్తుంది. ఇంజన్ ఆపాల్సిన గంట ఆ వేగం మీదే ఆధారపడి ఉంది.

రెండోది మొగ దగ్గరి ఇసుక మేట. రెండు పొరల వేగాల తేడా మరీ పెరిగితే సరిహద్దు సుడులు తిరిగి చెదురుతుంది. అక్కడ సమీకరణాలు హైపర్‌బాలిక్ స్వభావం, అంటే కబురును నిర్దిష్ట వేగాలున్న అలలుగా మోసే గుణం, కోల్పోతాయి, లెక్క పేలిపోతుంది. ఆ తేడాకు గరిష్ఠం 8 మీటర్ల లోతులో సెకనుకు 1.4 మీటర్లు, మేట మీద లోతు 2 మీటర్లకు తగ్గితే 0.7 మాత్రమే. గట్టి ఆటు వేళ మేట మీద ఆ మాత్రం తేడా సులభంగా వస్తుంది. నమూనా కుప్పకూలే చోటు, ప్రకృతిలో నిజంగానే నీళ్లు కలిసిపోయే చోటు ఒక్కటే కావడం నాకు ఊరటనిచ్చింది. అక్కడ సరిహద్దు ఘర్షణను హద్దు మీరనంత మేర పెంచి, కింది నీరు పైకి కలిసే రేటును రిచర్డ్‌సన్ సంఖ్యతో (పొరలను విడిగా ఉంచే బరువు తేడాకూ, వాటిని కలిపే వేగాల తేడాకూ ఉన్న నిష్పత్తి) ముడిపెట్టాం. ఎల్లిసన్, టర్నర్ 1959లో చేసిన ప్రయోగాలే ఆ సంబంధానికి పునాది.

మూడోది మడుగులు. ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఏటి అడుగు చదునుగా ఉండదు. మలుపుల్లో వరద తొలిచిన లోతులు, ఇసుక తవ్విన గుంతలు ఉంటాయి. పెద్ద పోటుకో, అంతకు ముందరి వారమో వచ్చిన ఉప్పునీరు వాటిలో దిగిపోయి అక్కడే ఉంటుంది. పైన మంచినీరు రోజుల తరబడి పారినా కదలదు. నమూనా భాషలో చెప్పాలంటే మెరకల మీద కింది పొర మందం సున్నా, మడుగుల్లో ఉప్పు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా నిలిచి ఉంటుంది. మందం సున్నా అయిన చోట రుణసంఖ్యలు రాకుండా, భాగహారం చెడకుండా కాపాడే పద్ధతి కావాలి. నేను ఏ కోడ్‌కైనా ముందుగా పెట్టే పరీక్ష ఇదే: ఎగుడుదిగుడు నేల, మడుగుల్లో ఉప్పు, పైన నిశ్చలమైన మంచినీరు. నెల రోజుల కాలం నడిపినా ఏదీ కదలకూడదు. కదిలితే ఆ కోడ్‌ను ఏట్లో దింపకూడదు.

రెండు నుంచి ఎనిమిది

అష్టమి దగ్గరి చిన్న పోట్ల రోజుల్లో రెండు పొరల నమూనా మా కొలతలతో బాగా సరిపోయింది. పడవలోంచి లవణత మీటరును మీటరు మీటరుకూ దించి చూస్తే పైన మంచినీరు, ఒక్కసారిగా ఉప్పు. సరిహద్దు కత్తితో కోసినట్టు ఉంది. అమావాస్య దగ్గరపడ్డాక ఆ అంచు కరిగిపోయింది. పైనుంచి కిందికి ఉప్పు మెల్లగా పెరుగుతూ పోయింది. రెండు పొరల నమూనాకు అలాంటి నీటిని చూపే స్థలమే లేదు.

అప్పుడు పొరల సంఖ్యను ఎనిమిదికి పెంచాం. ఇక్కడ పొర అంటే అర్థం మారుతుంది. రెండు పొరల్లో సరిహద్దు నిజంగా ఏట్లో ఉన్నది. ఎనిమిది పొరల్లో సరిహద్దులు మనం లెక్క కోసం గీసుకున్నవి. వాటి గుండా నీరు, ఉప్పు, ద్రవ్యవేగం అటూ ఇటూ మారవచ్చు. ఒద్యూస్, బ్రిస్టో, పెర్తామ్, సాంత్-మరీ 2011లో ఈ మార్పిడితో కూడిన బహుళ పొరల రూపాన్ని ఇచ్చారు. ఒక్కో పొరకు తనదైన వేగం, తనదైన లవణత ఉంటాయి. సాంద్రత లవణతను బట్టి మారి పీడనాన్ని మారుస్తుంది. పూర్తి త్రిమితీయ నమూనాతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. పైతలం ఎక్కడుందన్నది పొరల మందాల మొత్తం నుంచే వచ్చేస్తుంది.

దీనికీ ఒక రోగముంది. పొరలన్నీ నేల వాలును అనుసరించి వంగితే, మడుగు అంచున ఒకే పొర ఒక కొస లోతులో, మరో కొస మెరక మీద ఉంటుంది. అడ్డంగా నిశ్చలంగా ఉన్న ఉప్పు కూడా ఆ వాలు పొర వెంట తేడాగా కనబడి, లేని ప్రవాహాన్ని పుట్టిస్తుంది. మడుగులోని ఉప్పు కంప్యూటర్లో తనంతట తాను కారిపోతుంది. పొరల సంఖ్య పెంచితే ఇది పోదు. మడుగులున్న చోట అడుగు పొరలను అడ్డంగా ఉంచి, పై పొరలను మాత్రమే పైతలంతో పాటు కదిలించాం. కొంత మెరుగైంది, పూర్తిగా పోలేదు. మడుగుల వరకు ఇప్పటికీ రెండు పొరల జవాబునే నమ్ముతాను.

బ్యారేజీ దగ్గర ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలున్నాయి. సముద్రంలోకి వదిలినట్టు రోజూ ప్రకటించేది మొత్తం క్యూసెక్కులు. వశిష్ఠ వాటాను, ఆపైన వైనతేయకు పోయేదాన్ని మేం అంచనా కట్టాలి. అందుకని ఒకే వాటాతో నడపకుండా తక్కువ, మధ్యస్థ, ఎక్కువ వాటాలతో మూడేసి సార్లు నడిపి, మూడింటిలోనూ నిలిచే ఫలితాన్నే రైతులకు చెప్పాం.

అష్టమి నడక, అమావాస్య రుచి

నిలిచిన ఫలితం ఇది. పొరలు విడివిడిగా ఉన్న కాలంలో అడుగు ఉప్పు ఎక్కువ దూరం లోపలికి వచ్చేది చిన్న పోట్ల రోజుల్లో, అంటే అష్టమి చుట్టుపక్కల. అలజడి తక్కువ కావడంతో పొరలు కలవవు, ఘర్షణ తగ్గి ముక్కు అడ్డులేకుండా సాగుతుంది. పెద్ద పోట్లు వచ్చేసరికి ఆ ఉప్పు అప్పటికే అడుగున ఉంది. పోటు దాన్ని గిలకొట్టి పైకి తెస్తుంది, నాలుకకు తెలుస్తుంది. అమావాస్యకు ఉప్పు వస్తుందన్న రైతుల అనుభవం నిజమే. వాళ్లు పైతలాన్ని రుచి చూస్తున్నారు, పైతలానికి అది అమావాస్యకే వస్తుంది. వాళ్ల ఫుట్‌వాల్వులు (పైపులు నీళ్లు పీల్చే కొసలు) మాత్రం బురదకు కాస్త పైన, అడుగున పడుకుని ఉన్నాయి. అష్టమి నాడు నిశ్చింతగా ఇంజన్ వేసినప్పుడు పైపు తాగింది ఉప్పు పొరను.

సరిహద్దుకు పైన పైపు పెట్టినా గట్టిగా లాగితే కింది ఉప్పు పైకి లేస్తుంది. సెకనుకు 20 లీటర్లు తోడే చిన్న ఇంజన్‌కు, సరిహద్దు పదునుగా ఉంటే, లెక్క ప్రకారం జానెడు ఎడం చాలు. ఏట్లో సరిహద్దు అలలతో ఊగుతుంది, కొంత మందంగా కూడా ఉంటుంది. అందుకే అంత తక్కువ ఎడాన్ని మేం సిఫారసు చేయలేదు. ఖాళీ డ్రమ్ములు కట్టి ఫుట్‌వాల్వును తేల్చి, గాలి పీల్చనంత లోతులో మాత్రమే ముంచమన్నాం. పోటు ఎక్కినా దిగినా పైపు పైతలంతో పాటు కదులుతుంది. తోడే వేళ ఆటు చివర. ఆటు సాగుతున్నంతసేపూ మంచినీరు ఉప్పు మీదుగా జారి పరుచుకుంటుంది, పైపొర అత్యంత తియ్యగా ఉండే వేళ అదే. పోటు తిరిగాక రెండో గంట దాకా సాగదీయవద్దన్నాం. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఇంజన్లు ఆపే పాత నియమాన్ని యథాతథంగా ఉంచాం, తేలే పైపుకు కూడా ఆ రోజుల్లో ఉప్పు తగులుతుంది.

గట్టు వెంట ఉన్న రొయ్యల చెరువుల వాళ్లకు ఇదే నమూనా తలకిందుల జవాబు ఇస్తుంది. వాళ్లకు ఉప్పు కావాలి, పైపు అడుగున ఉంటేనే మేలు. ఒకే ఏట్లో ఒకే గంటకు రెండు లోతుల్లో ఇద్దరి అవసరమూ తీరుతుంది. అయితే చెరువుల నీరు తిరిగి వదిలే డ్రెయిన్లు ఎక్కడ ఏట్లో కలుస్తున్నాయో ఈ నమూనాలో చేర్చలేదు. అది చేర్చకుండా ఇద్దరికీ కలిపి ఒకే వేళల పట్టిక ఇవ్వలేను.

ఈ పట్టికకు ఆయుష్షు ఒక్క దాళ్వాయే. ప్రతి వరదా మొగ దగ్గరి మేటను జరుపుతుంది, మడుగులను పూడుస్తుంది లేదా తొలుస్తుంది. మేట ఒక మీటరు ఎత్తు మారితే లోపలికి వచ్చే ఉప్పు మారిపోతుంది. కాబట్టి వరద తగ్గాక, బ్యారేజీ గేట్లు దించడం మొదలయ్యే లోపు, మొగ నుంచి ఇంజన్ల దాకా ఏటి లోతులు మళ్లీ కొలవాలి. రైతులు ఇప్పుడు పైన, నడుమ, అడుగున మూడు లోతుల్లో మీటరు పెట్టి, తిథి, వేళ, పీపీటీ ఒక పుస్తకంలో రాస్తున్నారు. తరవాతి లెక్కకు నేల లోతుల తరవాత మేం ముందుగా తెరిచేది ఆ పుస్తకాన్నే.